మూడో కాపు – 14: ఎర్రరంగు పంపు

పోయిన వారం ప్రేమలతను తోట గేటు దగ్గర వదిలిపెట్టాం. ఒక చేతిలో గుట్ట మీద దేవుడి ప్రసాదం సంచీ, ఇంకో చెయ్యి గేటు గొళ్లెం మీద. పాపం, వారం రోజులుగా అక్కడే నిలబడి ఉంది. లోపలికి తీసుకుపోదాం. కాకపోతే ఈ వారమే మనతో కలిసినవాళ్లు ఉంటారు కనుక, ముందు వాళ్లకు నాలుగు ముక్కలు.

స్టేషన్ ఘన్‌పూర్‌కు ఐదు కిలోమీటర్ల అవతల రాయమల్లుకు రెండెకరాల ద్రాక్షతోట ఉంది. ఇరవై రెండేళ్ల కింద తన చేతులతో పెట్టిన తోట. మూడేళ్ల కింద ఫిబ్రవరిలో, సరిగ్గా గుత్తులు కోతకొచ్చిన వారంలో, ఆ నెలలో ఎన్నడూ పడని వాన పడి పండ్లన్నీ పగిలిపోయాయి. ఏళ్ల తరబడి గడ్డిపోచ లేకుండా చెక్కి, మందులు పోసి పోసి బండబారిన నేల ఆ వానను కాస్తయినా తాగలేదు. పైమట్టిని కూడా వెంటబెట్టుకుని నీళ్లు వాగులో కలిశాయి. పందిరి పీకించి ఆయిల్‌పామ్ వేస్తానన్నాడు రాయమల్లు. కోడలు ప్రేమలత అడ్డం పడింది. మందులు మాని, తీగెల కింద నేలకు కప్పుగా జనుము, బొబ్బర్లు చల్లి, మూడు కాపులు తన తీరులో చేసుకోనిమ్మంది. వరంగల్ మట్టెవాడలో ఎరువుల దుకాణం నడిపే కిషన్ రావును పెద్దమనిషిగా కూర్చోబెట్టి రాయమల్లు మాట ఇచ్చాడు. మూడో కాపు నిలబడితే తోట ఆమెది, నిలబడకపోతే జేసీబీది. అన్నట్టు, ఆమె భర్త రాంప్రసాద్ పన్నెండేళ్లుగా ఆ కిషన్ రావు దుకాణంలోనే పనిచేస్తున్నాడు.

ఇప్పుడు నడుస్తున్నది ఆ మూడో కాపే. పూత మీదున్న తోటను వదల్లేక వదిలి, కార్తీక సోమవారం మొక్కు తీర్చుకోవడానికి ప్రేమలత పాలకుర్తి గుట్టకు, ఆ ఊళ్లోనే ఉన్న పుట్టింటికి పోయింది. తల్లికి జ్వరం రావడంతో అక్కడే ఆగిపోయి, శుక్రవారం పొద్దున గానీ తిరిగి రాలేకపోయింది. బస్సు దిగి ఇంటికి కూడా పోకుండా తిన్నగా తోటకొచ్చింది. గొళ్లెం తీసింది.

పందిరి కింద మోకాలెత్తు జనుము పడిపోయి ఉంది.

పశువులు తొక్కిన తీరు కాదు, గాలికి ఒరిగిన తీరూ కాదు. ఒక్కో మొక్క మెడ తిప్పి నేలకు వంగింది. కాడలు మెలికలు పడ్డాయి. జనుము మధ్య అల్లుకున్న బొబ్బర్లు పసుపెక్కి నేలకు అతుక్కుపోయాయి. వాటి సందుల్లో గరిక మాత్రం నిక్షేపంగా, పచ్చగా, ఏమీ ఎరగనట్టు నిలబడి ఉంది. ప్రేమలత గొంతుక్కూర్చుని ఆ గరికను చేత్తో నిమిరింది. గరిక బతికి జనుము చచ్చిందంటే ఇది నీళ్లెక్కువై కాదు, తక్కువై కాదు, తెగులొచ్చి కాదు. తలెత్తి పైకి చూడాలంటే భయమేసింది ఆమెకు. కానీ చూడక తప్పుతుందా?

చూసింది. పందిరి మీద లేతాకులు విసనకర్రల్లా ముడతలు పడి, అంచులు రంపం పళ్లలా సన్నగా సాగి ఉన్నాయి. కొమ్మల కొనలు కొక్కేల్లా కిందికి వంగాయి. దసరా కాగానే కత్తిరింపు చేసిన సగం అది. లెక్క ప్రకారం ఈ వారం పూత విచ్చుకోవాలి. పూగుత్తులు మెలితిరిగి, ముట్టుకుంటే రాలిపోతున్నాయి.

ఈ ఆకును ఆమె ఇదివరకు ఒక్కసారే చూసింది. రెండేళ్ల కింద పక్కచేను వెంకటయ్య తన మక్కచేనుకు టూఫోర్‌డీ అనే గడ్డిమందు కొడితే, ఆ గాలికి ఒడ్డు పక్కనున్న పదకొండు తీగెలు ఇలాగే ముడుచుకుపోయాయి. మక్కలో, వరిలో వెడల్పాకు కలుపును చంపే మందు అది. ద్రాక్షకు అది తగలనక్కర్లేదు, దాని గాలి సోకినా చాలు. ఆ ఏడే ప్రేమలత తోటకని ఒక కొత్త పంపు కొని, దాని మీద తన చేతులతో ఎర్రరంగు పూసింది. ఇంట్లో వరికి, మక్కకు వాడే నీలం పంపు ఎన్నడూ తోట మీదికి రాకూడదు, ఎర్ర పంపు ఎన్నడూ తోట దాటి పోకూడదు. ఎర్ర పంపు షెడ్డు లోపలి గదిలో తాళంలో ఉంటుంది. ఆ తాళంచెవి ఆమె బొడ్డులో ఉంటుంది, నిద్రపోయినా సరే.

"మల్లక్కా!"

ఆ కేకకు షెడ్డు ముందు కూర్చుని కత్తిరించిన తీగెలను ముక్కలు నరుకుతున్న మల్లక్క కొడవలి పక్కన పెట్టింది. ఆమె ఈ తోటలో మొదటి తీగె నాటిన నాటి నుంచీ ఉంది. ఆ ముక్కలను తీగెల మొదళ్లలో పరిస్తే ఎండకు నేల కాలదని ప్రేమలత చెప్పినప్పుడు అందరికంటే ముందు నమ్మిన మనిషి. లేచి వచ్చింది కానీ ముఖం ఎత్తలేదు.

"ఎవరు కొట్టిండ్రు?"

"ఏంది బిడ్డా?"

"ఏందో నీకెరుక. గడ్డిమందు ఎవరు కొట్టిండ్రు?"

మల్లక్క కొంగుతో చేతులు తుడుచుకుంది. తుడిచిన చేతులనే మళ్లీ తుడుచుకుంది. "నేనే కొట్టిన."

తిట్టడానికి కూడా ఒక మనిషి కావాలి, మల్లక్కను ప్రేమలత ఏమని తిడుతుంది?

"సోమవారం పొద్దుగాల, నువ్వు బస్సెక్కినంక," మల్లక్క తనే చెప్పుకుపోయింది. "ఆదివారం వనభోజనాలకు మట్టెవాడ సేటోళ్లు వస్తాండ్రట. గాళ్ల ఆడోళ్లు గడ్డిల ఎట్ల కూసుంటరు, పామో తేలో ఉంటదని పెద్దాయన ఒక్కటే తిప్పలు. ఉసిరిచెట్టు దిక్కు, ముందటి సగం కొట్టుమన్నడు. ప్రేమలతమ్మను రానీయుండ్రి అన్న. తోట నాదా దానిదా అన్నడు. నీలం పంపుల పోసి కొట్టిన. నాకేమెరుక బిడ్డా, ఆ డబ్బాల ఏమున్నదో? గడ్డికే గదా అనుకున్న."

"మరి బుధవారం ఫోన్ చేస్తి గద నీకు? మబ్బు పట్టిందంటె, బూజు పడకుంట మజ్జిగ కొట్టే సంగతి చెప్తి, అర్ధగంట మాట్లాడితి. అంత మంచిగనే ఉన్నది బిడ్డా అంటివి!"

"మీ అమ్మకు జరమాయె. నువ్వు ఆడ పరేషాన్ల ఉంటివి. గప్పటికే ఆకు జర ముడుసుకున్నట్టు కొట్టింది. నీకు చెప్తె ఆగమాగం అయితవని…"

ఇదీ మన వాళ్ల మంచితనం. ఇల్లు కాలుతున్నా సరే, ఊళ్లో లేనివాళ్లకు 'అంతా బాగే' అని చెబుతారు. అంతకంటే గట్టిగా అరిచి ఫోన్ పెట్టేసినా నయం కదా! ప్రేమలత ప్రసాదం సంచీని మల్లక్క చేతిలో పెట్టి, ఒక కొమ్మ కొనను విరిచి పట్టుకుని, ఉసిరిచెట్టు వైపు నడిచింది. నడుస్తుంటే బొడ్డులోని తాళంచెవులు గలగలమన్నాయి.

*

రాయమల్లు ఉసిరిచెట్టు కింద ఊడుస్తున్నాడు. డెబ్బై ఏళ్ల మనిషి, నడుం వంగదు, అయినా చీపురు ఎవరికీ ఇవ్వకుండా తనే ఊడుస్తున్నాడు. కోడల్ని చూసి ముఖం విప్పారింది.

"వచ్చినవా బిడ్డా? మీ అమ్మకు ఎట్లున్నది? ఇగో, చూడు, ఎంత సాఫ్ అయ్యిందో! ఆదివారం గీడికెంచి ఆడిదాంక రెండు బంతులు ఏయొచ్చు. సేటు చూస్తె ఖుషీ అయితడు."

ఆ సంబరం చూస్తే ప్రేమలతకు ఏడుపు రావలసింది. రాలేదు, ఒళ్లు మండింది.

"మామా, ఈ కొమ్మ చూడుండ్రి."

ఆయన చీపురు చెట్టుకు ఆనించి, జేబులోంచి అద్దాలు తీసి పెట్టుకున్నాడు. ఇరవై రెండేళ్లుగా ద్రాక్షాకులు చూస్తున్న కళ్లు అవి. వెంకటయ్య చేను గొడవ జరిగినప్పుడు మాత్రం కంటి ఆపరేషన్ చేయించుకుని హన్మకొండ దవాఖానలో ఉన్నాడు గనుక ఇలాంటి ఆకును ఆయన ఎన్నడూ చూడలేదు. తిప్పి తిప్పి చూశాడు.

"ఇదేం తెగులు బిడ్డా? కొత్తగున్నది."

"తెగులు గాదు. మీరు కొట్టించిన మందు."

"నేను గడ్డికి కొట్టించిన. అంగూరుకు గాదు."

"ఆ మందుకు గడ్డేదో అంగూరేదో ఎట్ల తెలుస్తది మామా? అది వెడల్పాకును చూస్తది, చంపుతది. జనుమును చంపింది, బొబ్బర్లను చంపింది. పైన అంగూరు గూడ వెడల్పాకే గద! గరిక చూడుండ్రి, మంచిగ నిలబడ్డది. మీరు అసలు గడ్డిని చంపనే లేదు."

రాయమల్లు గరిక వైపు చూశాడు. పందిరి వైపు చూశాడు. తప్పు తెలిసిన క్షణంలో మనిషి రెండే పనులు చేస్తాడు, ఒప్పుకుంటాడు లేదా గొంతు పెంచుతాడు. రాయమల్లు గొంతు పెంచాడు.

"నా తోటల ఎన్నడన్న గడ్డి ఉండెనా? అద్దం లెక్క ఉంచిన! నువ్వు వచ్చి గడ్డి ఏసినవ్. బజార్ల మీద నడుస్తాంటే, రాయమల్లు కోడలు గడ్డి పండిస్తాందట అని నవ్వుతాండ్రు. మూడేండ్లు నోరు మూసుకున్న. పెద్దమనిషి ఇంటికొస్తాంటె, ఆయన పెండ్లాం పిల్లలు వస్తాంటె, గా జంగల్‌ల కూసోబెట్టాల్నా?"

"జంగల్ అంటాండ్రా మామా?" ప్రేమలత గొంతు పైకి లేవలేదు, కిందికి దిగింది. అది ఇంకా చెడ్డది. "మే నెలల నలభై ఆరు డిగ్రీల ఎండ కొట్టె. ఊళ్లె బోర్లు ఎండిపాయె. మన తీగెల మొదట్ల చెయ్యి పెట్టి చూసినమా లేదా? చల్లగుండె. జులైల ఒక్క పూటల చెరువు నిండే వాన పడె, మన తోటల నీళ్లు వాగుకు పోయినయా? జనుము ఏర్లు పగలదీసిన నేల తాగలే? పోయినేడు దుక్కిల ఎర్రలు బయటపడితె చేతిల ఏసుకొని ఏమన్నరు మామా? పదేండ్లాయె ఇవిటిని చూడక అన్నరు. మీ కండ్లల్ల నీళ్లు నేను చూసిన. గడ్డి గాదు మామా అది. ఆ గడ్డే నా తోటకు కప్పిన దుప్పటి."

ఎర్రలంటే వానపాములు. అవి అరచేతిలో మెదిలిన సంగతి రాయమల్లుకు గుర్తొచ్చే ఉంటుంది. కొమ్మను మెల్లగా కోడలి చేతిలో పెట్టాడు. అద్దాలు తీసి పంచె అంచుతో తుడిచాడు.

"నాకు తెల్వదు బిడ్డా," అన్నాడు చివరికి. "నేను గడ్డి పోయేటిది ఏదన్న ఒకటి తెమ్మన్న, అంతే. ఏది తేవాల్నో ఆనికి తెల్వదా? పన్నెండేండ్లాయె దుకాణంల చేయవట్టి."

ఆ మాట అన్నాక ఆయనే ఆగిపోయాడు. ప్రేమలత కూడా ఆగిపోయింది. ఇద్దరికీ ఒకే మనిషి గుర్తొచ్చాడు.

*

రాంప్రసాద్ పదకొండింటికి బండి మీద వచ్చాడు. వెనక ఇస్తరాకుల కట్టలు రెండు, ముందు బియ్యం సంచీ, హ్యాండిల్‌కు కూరగాయలు. ఆదివారానికి కావలసినవన్నీ దుకాణంలో అర్ధపూట సెలవు పెట్టి తెచ్చాడు. గేటులో భార్యను చూసి నవ్వబోయాడు. ఆమె చేతిలో కొమ్మను చూసి ఆ నవ్వును మధ్యలోనే దించుకున్నాడు. ఒక్కోసారి ముఖం చూస్తే చాలు, ఇంక సాక్ష్యాలు అక్కర్లేదు.

"ఎప్పుడొచ్చినవ్?" అన్నాడు.

"పొద్దుగాల. ఏం మందు తెచ్చినవయ్యా?"

"గడ్డిమందు. బాపు అడిగిండు."

"ఏ గడ్డిమందు?"

"అదే… గడ్డికి కొట్టేది. మల్లక్క పంపు పైకి లేపి కొట్టినట్టున్నది. కింద కింద కొట్టాల్నని చెప్పిన నేను." షెడ్డు ముందు నిలబడ్డ మల్లక్క ఈ మాట వింది. తల దించుకుంది తప్ప కాదనలేదు. ముప్పై ఏళ్లుగా కూలి చేసేవాళ్లు నేర్చుకున్న మౌనం అది.

"ఆమె పేరు తియ్యకు," అంది ప్రేమలత. "ఆమె మీద పెడితె నీ నోరు పడిపోతది. రెండేండ్ల కింద వెంకటయ్య ఒడ్డు మీద నిలబడి నువ్వు ఏమన్నవో నేను చెప్పాల్నా? చెప్త విను. చేతిల గిసొంటి ఆకే పట్టుకున్నవ్. ఇది టూఫోర్‌డీ, దీని వాసనకే అంగూరు చస్తదని తెల్వదా నీకు అన్నవ్. వెంకటయ్య అంగి పట్టుకొని గుంజినవ్. ఆ ముసలాయన తెల్వదు కొడుకా, తప్పయింది అని చేతులు జోడించిండు. ఆయనకు నిజంగ తెల్వదు. మీ బాపుకు తెల్వదు. మల్లక్కకు తెల్వదు. ఈ ఇంట్ల తెలిసినోడివి నువ్వొక్కనివే."

రాంప్రసాద్ ఇస్తరాకుల కట్ట విప్పబోయి, ముడి దొరక్క ఊరుకున్నాడు. మంచివాడే రాంప్రసాద్. తాగడు, కొట్టడు, పండక్కి చీర మరిచిపోడు. ఇలాంటి మంచివాళ్లు చేసే పాపాలు మహా నిశ్శబ్దంగా ఉంటాయి.

"దుకాణంల నిలబడి చూడు ఒక్క రోజు," అన్నాడు. మొదట నేల వైపు చూస్తూ అన్నాడు, తర్వాత గొంతు లేచింది. "రోజుకు యాభై మంది వస్తరు. ఏం రాంప్రసాదూ, మీ ఇంట్ల పేడనీళ్లు, పులిసిన మజ్జిగ అట, మాకేమో డబ్బాలు అంటగడతానవా అంటరు. నవ్వుతరు. సేటు గల్లా కాడ కూసొని తనూ నవ్వుతడు. నీ పెండ్లాన్ని అడిగి జర మాకు గూడ మజ్జిగ తేరాదు అంటడు. పన్నెండేండ్ల నౌకరి. నా ముఖం ఏడ పెట్టుకోవాలె?"

"గందుకని నా తోటను చంపినవా?"

"పోయినేడు కాపు చూసి నలుగురు నీ దగ్గరికొచ్చి అడిగిపోయిండ్రు. జనుము ఇత్తనాలు ఏడ దొరుకుతయి, కటింగు రెండుసార్లు ఎట్ల చేసినవ్ అని. ఈ యేడు గూడ కాపు నిలబడితె సగం ఊరు నీ ఎంట పోతది. గప్పుడు దుకాణానికి ఎవడొస్తడు? నాకు కూడెవడు పెడతడు?" ఊపిరి తీసుకున్నాడు. "నువ్వు ఓడిపోతవని గాదు ప్రేమా. నువ్వు గెలుస్తవని భయమైంది నాకు."

నిజం ఇంత పల్చగా ఉంటుందని ప్రేమలత అనుకోలేదు. పగ ఉంటే పోట్లాడేది. పైసల ఆశ ఉంటే అసహ్యించుకునేది. భర్త గుండెలో ఉన్నది వట్టి ఈర్ష్య, అదీ ఆమె గెలుపు మీద. ఈ మూడేళ్లూ తను ఎండను చూసుకుంది, వానను చూసుకుంది, బూజు తెగులును చూసుకుంది. ఇంట్లో పక్కన పడుకున్న మనిషిని చూసుకోలేదు.

"ఒక్క మాట చెప్త, ఇంక నీతోని మాట్లాడ," అంది. "సోమవారం పొద్దుగాల గుట్టెక్కి దీపం పెట్టిన. తోట పేరు మీద గాదు, నీ పేరు మీద. దుకాణంల మందులు ముట్టుకుంట ముట్టుకుంట నీ ఒళ్లు ఖరాబు కావద్దని. నేను వత్తి ఎలిగిస్తాన్న పూటనే నువ్వు డబ్బా తెచ్చి ఈడ పెట్టినవ్."

రాంప్రసాద్ బండికి ఆనుకుని నిలబడ్డాడు. అడిగీ అడగనట్టు, "ఎనుక సగం మంచిగనే ఉన్నది గద?" అన్నాడు. "అటు కొట్టలే. ముందటి సగమే."

*

వెనక సగం!

ఎంత మాట. ఈ కోపంలో ఆమె అటు వైపే పోలేదు. తోటను రెండు భాగాలు చేసి, దసరా కాగానే ముందు సగానికి, మూడు వారాలాగి వెనక సగానికి కత్తిరింపు చేయించింది ఈ మూడేళ్లుగా. వానలిప్పుడు పంచాంగం చూసి రావడం లేదు. ఫిబ్రవరిలో వచ్చినా మార్చిలో వచ్చినా రెండు సగాలూ ఒకేసారి కోతకు ఉండవు గనుక ఒకటి పోయినా ఒకటి దక్కుతుందని ఆమె ఎత్తు. వానకని చేసుకున్న ఏర్పాటు చివరికి మొగుడికి అడ్డం వచ్చింది. నవ్వాలో ఏడవాలో తెలియని సంగతి అది.

ఆమె దాదాపు పరుగెత్తింది. వెనక సగంలో జనుము నిటారుగా నిలబడి పసుపుపచ్చని పూలు పూస్తోంది. పందిరి మీద లేత కొమ్మలు జానెడు జానెడు వచ్చాయి. ఒక్కో కొమ్మకు అయిదారు ఆకులు, ఆకుల చాటున ఆవగింజలంత మొగ్గలతో బుల్లి గుత్తులు. ఒక ఆకును రెండు వేళ్ల మధ్య పట్టుకుని ఎండకు ఎత్తి చూసింది. తిన్నగా ఉంది, వెడల్పుగా ఉంది. ఇంకొకటి చూసింది, ఇంకో వరసలో ఇంకొకటి. సోమవారం గాలి ఇటు తిరగలేదన్నమాట. పొద్దుటి నుంచి బిగబట్టిన ఊపిరి అప్పుడు వదిలింది. కళ్లలో నీళ్లు కూడా అప్పుడే వచ్చాయి.

వెనకాలే రాయమల్లు వచ్చాడు. కోడలి పక్కన నిలబడి పందిరి వైపు చాలాసేపు చూశాడు. ఆ మనిషి ఎవరినీ క్షమాపణ అడిగి ఎరగడు, ఇప్పుడూ అడగలేదు. ఆయన పద్ధతిలో ఆయన అడిగాడు.

"సగమైనా కాపు కాపే బిడ్డా. తప్పు నాది, నా కొడుకుది. నువ్వు చేసింది ఏం లేదు. ఈ సగం నిలబడ్డా నా మాట నిలబడ్డట్టే. తోట నీదే. ఆదివారం సేటు ముందట, గీ పందిరి కింద నిలబడి మళ్ల చెప్త." ఆ ఊపులోనే జేబులోంచి ఫోన్ తీసి కిషన్ రావుకు కలిపాడు. గట్టు వైపు నడుస్తూ, "సేటూ, రాయమల్లును. ఆదివారం తప్పకుంట రావాలె. భోజనాలే గాదు, పెద్దమనిషిగ మీరే చూడాల్సిన ముచ్చట ఒకటున్నది…" అంటున్న మాటలు దూరమయ్యాయి.

ప్రేమలత కొంగుతో కళ్లు తుడుచుకుంది. సగం దక్కింది. సగంతోనే బతుకుతుంది. కొత్తగా జనుము చల్లుతుంది, ముడుచుకున్న తీగెలను కిందికి కత్తిరించి వచ్చే ఏడు కోసం కాచుకుంటుంది. మొగుడి సంగతి తర్వాత. లెక్కలు ఇలా కట్టుకుంటూ మళ్లీ ఒక ఆకును ముట్టుకుంది. వేలికి తెల్లగా పొడిలాంటిది అంటింది. చూస్తే ఆకుల మీదంతా సన్నటి తెల్ల మరకలు. వాసన చూసింది. పుల్లటి వాసన.

"మల్లక్కా, మజ్జిగ కొట్టినవా?"

మల్లక్క అప్పుడే వచ్చి వరస చివర నిలబడింది. పొద్దుటి నుంచి మొదటిసారి ముఖం ఎత్తింది. చెప్పిన పని చెప్పినట్టు చేసిన ఒక్క సంగతైనా తన దగ్గర ఉందన్న ధైర్యం ఆ ముఖంలో కనిపించింది.

"కొట్టిన బిడ్డా. బుధవారం నువ్వు ఫోన్ల చెప్పినవ్ గద, మబ్బు పట్టింది, బూజు పడతది, ఎనుక సగానికి మజ్జిగ కొట్టుమని. నిన్న పొద్దుగాల కొట్టిన. ఒక్క తీగె గూడ ఇడువలే."

"మంచిది," అంది ప్రేమలత. ఇంకో వరస వైపు అడుగు వేసింది. ఆ అడుగు నేల మీద ఆనకముందే బొడ్డులో తాళంచెవులు గలగలమన్నాయి.

ఆమె ఆగిపోయింది.

ఆ గుత్తిలో మూడు చెవులున్నాయి. ఒకటి ఇంటి బీరువాది. ఒకటి బోరు మోటారు డబ్బాది. మూడోది షెడ్డు లోపలి గదిది. సోమవారం పొద్దున అలవాటుగా బొడ్డులో దోపుకుని బస్సెక్కింది. ఐదు రోజులు ఆ చెవి పాలకుర్తిలోనే ఉంది.

"మల్లక్కా…" వెనక్కి తిరగకుండానే అడిగింది. "మజ్జిగ ఏ పంపుతోని కొట్టినవ్?"

తిరిగి చూసింది. మల్లక్క నోరు తెరుచుకుని ఉంది. ఆమెకూ అప్పుడే అర్థమవుతోంది, పాపం.

"ఎర్రది లోపట తాళంల ఉండె… చెవి నువ్వు కొంటవోతివి… నీలందే కడిగిన బిడ్డా. మూడుసార్లు కడిగిన. సబ్బు ఏసి కడిగిన…"

టూఫోర్‌డీ మూడు కడుగులకు పోదు. పంపు గోడలకు, పైపులోపలి రబ్బరుకు పట్టుకుని కూర్చుంటుంది. ఈ ఇంట్లో ఆ సంగతి అందరికంటే బాగా తెలిసిన మనిషి ప్రేమలతే. తెలుసు గనుకే ఎర్ర పంపు కొంది. తెలుసు గనుకే తాళం వేసింది. ఆ తాళంచెవి బొడ్డులో పెట్టుకుని, పుట్టింటి అరుగు మీద కూర్చుని, మజ్జిగ కొట్టమని ఫోన్‌లో చెప్పింది కూడా తనే.

ఆకులింకా తిన్నగానే ఉన్నాయి. ముందు సగం ముడుచుకున్నదని తెలియడానికి రెండు మూడు రోజులు పట్టింది. నిన్న గురువారం. శుక్రవారం, శనివారం… ప్రేమలత వేళ్లు మడుస్తూ లెక్కపెట్టింది. మూడో వేలు దగ్గర చెయ్యి ఆగింది. గట్టు మీద నుంచి రాయమల్లు గొంతు గాలికి తేలి వస్తోంది, సంతోషంగా.

"ఆదివారం సేటూ, ఆదివారం! మీరు వచ్చినంకనే ఆకులు ఏస్తం."